కరుణమ్మ గారొక్కరికే ఎందుకు?

ఇర్వింగ్, టెక్సస్,
మంగళవారం మధ్యాహ్నం.

ప్రియమైన మా రాజు గారికి,

జోసఫిన్ వందనాలు. ప్రభువు దయవల్ల నేనూ, క్రిస్టీ ఇక్కడ బాగానే ఉన్నాం. మీరూ బాగానే ఉన్నారని రాద్దామంటే, రెడ్‌మండ్ వానలో గొడుగు లేకుండా తిరిగి జలుబు తెచ్చుకున్నారని మీ రూమ్మేట్ దేవ్ చెప్పేశాడు. నాకు చెప్పొద్దని కూడా అన్నారటగా! అల్లం దంచి టీలో వేసుకుని తాగండి. పొడి వద్దు, మంచి అల్లమే తెచ్చుకోండి. అక్కడ దొరకదని మాత్రం చెప్పకండి.

మీ ఉత్తరం వచ్చి వారాలు దాటింది, జవాబు రాయడం ఇప్పటికి కుదిరింది. ఈ కాలంలో మొగుడూ పెళ్లాం కాగితాల మీద ఉత్తరాలు రాసుకోవడమేమిటని అందరూ నవ్వుతారు గానీ, మనకిదే నయం. ఫోనులో నేను ఒక మాట అనేలోపు మీరు మూడు మాటలంటారు. మీరు ఒప్పుకోరు, క్రిస్టీని అడగండి. ఇవాళ నేను చెప్పాల్సింది మధ్యలో ఎవరూ అడ్డు తగలకుండా చెప్పాలి. అందుకని లైబ్రరీలో ఒక మూల చూసుకుని కూర్చుని రాస్తున్నాను. పని రోజున మధ్యాహ్నం లైబ్రరీలో ఏం చేస్తున్నావని అడుగుతారు కదూ? వస్తాను, ఆ సంగతికీ వస్తాను. ముందు మీరు అడిగినవాటికి జవాబులు.

కారు బ్రేకుల చప్పుడు పోయింది. ప్యాడ్స్ మార్పించాను. రోటర్లు కూడా మార్చాలని ఆ మెకానిక్ పట్టుబట్టాడు, నేను కుదరదన్నాను, అతనే తగ్గాడు. క్రిస్టీ తెలుగు మీరు వెళ్లినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. మొన్న సండే స్కూల్లో కీర్తన అప్పజెప్పడానికి నిలబడి, "నేను ఇప్పుడు కీర్తన చెప్తాడు" అంది. అందరూ నవ్వితే ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు సరికదా, నవ్విన మగపిల్లల్ని వచ్చి చెప్పమంది. అచ్చం మీ పోలిక. నాకైతే అంత ధైర్యం ఎక్కడిది?

ఇక మూడోది. "కరుణమ్మ గారు ఫోన్ చేసి, దేవుడు అద్భుతం చేశాడు, ఇంజెక్షన్ అప్రూవ్ అయింది బాబూ అని ఏడ్చేశారు. అది మీ ఆఫీసు సంగతే కదా, నీకేమన్నా తెలుసా?" అని రాశారు. తెలుసండీ. అంతా నాకే తెలుసు. ఆ మందు ఆవిడకి నిలుస్తుందా, పోతుందా అన్నదే ఇన్నాళ్లుగా నా బుర్ర తినేస్తోంది. ఫోనులో నా గొంతు అదోలా ఉందని అడిగారు చూడండి, దానికీ కారణం అదే.

మా కంపెనీ ఏం చేస్తుందో ఎప్పుడు చెప్పబోయినా మీరు ఆవలించారు. ఈసారి కొంచెం ఓపిక పట్టండి. డాక్టరు మందు రాస్తాడు, ఫార్మసీవాడు ఇస్తాడు, డబ్బు ఇన్సూరెన్స్‌వాళ్లు కడతారు. ఈ ముగ్గురి మధ్యలో కూర్చుని దేనికి సరే అనాలో, దేనికి కాదనాలో, ఏ మందుకన్నా ముందు ఏ మందు వాడి చూడాలో చెప్పేది మేము. ఫార్మసీలో అమ్మాయి కంప్యూటర్ మీద నొక్కి, మొహం అదోలా పెట్టి, "సారీ, రిజెక్ట్ అయింది" అంటుంది కదా. ఆ మాట ఆ అమ్మాయిది కాదు, డాక్టరుదీ కాదు. మాది. ఆ కాదనే రూల్స్‌లో కొన్నింటికి కోడ్ రాసేదాన్ని నేను.

కరుణమ్మ గారి చేతులు మీరు చూశారు. కీళ్లవాతం ముదిరి, పొద్దున్న లేచేసరికి వేళ్లు ముడుచుకుపోయి, కాసేపు వేడినీళ్లలో పెట్టుకుంటే గానీ కుళాయి తిప్పలేని స్థితి. ఆ చేతులతోనే స్కూల్ కిచెన్‌లో ట్రేలు మోస్తారు. మోయలేకపోతే ఉద్యోగం పోతుంది, ఉద్యోగం పోతే ఇన్సూరెన్సే పోతుంది. క్రిస్టీ పుట్టినప్పుడు మీ అమ్మగారికి వీసా రాకపోతే, నాకు పథ్యం వండిపెట్టి, పిల్లకి నూనె రాసి స్నానం చేయించింది కూడా ఆ చేతులే. నేను మర్చిపోలేను.

ఆవిడ పాత మాత్రలన్నీ ఎప్పుడో వాడేశారు. ఒకటి పనిచేయలేదు, ఇంకొకటి లివర్‌కి పడలేదు. ఆ తర్వాత రాసిన ఇంజెక్షన్‌తోనే మళ్లీ మనిషయ్యారు. ఈ ఏడాది స్కూలువాళ్లు ప్లాన్ మార్చారు, మందుల వ్యవహారం మా కంపెనీ చేతికొచ్చింది. వెంటనే మా సిస్టమ్ ఇంజెక్షన్ ఆపేసి, ముందు పాత మాత్రలు వాడి చూడాలంది. వాడేశారని డాక్టరు రాసి పంపాడు. అలా రాసి పంపితే ఒప్పుకోవాలని టెక్సస్‌లో చట్టం కూడా ఉంది. కానీ మా రూల్ డాక్టరు రాసింది చూడదు. మా దగ్గరున్న రికార్డులు మాత్రమే చూస్తుంది. మా దగ్గర ఆవిడ కొత్త మనిషి, పాత మందుల జాడే లేదు. డాక్టరు కాగితాలు చదవడానికి వేరే నర్సులున్నారు గానీ, వాళ్లు మరీ కొద్దిమంది. వాళ్లదాకా చేరేలోపే మెషీన్ "కాదు" అనేస్తుంది.

ఈ సంగతంతా నాకు చర్చిలో తెలిసింది. ఆదివారం ప్రార్థన అవసరతలు చెప్పే టైములో కరుణమ్మ గారు లేచి, వంకర్లు పోయిన వేళ్లతో మైకు పట్టుకోలేక, రెండు మణికట్ల మధ్య ఇరికించుకుని, "నా ఇంజెక్షన్ అప్రూవ్ అవ్వాలని ప్రార్థన చేయండమ్మా" అన్నారు. మన పాస్టరు దైవాశీర్వాదం అయ్యగారు మోకరించారు. సంఘమంతా గొంతెత్తి ప్రార్థించింది. నేనూ కళ్లు మూసుకుని గట్టిగా ఆమెన్ అన్నాను. సోమవారం ఆఫీసుకెళ్లి చూద్దును కదా, అడ్డుపడ్డ రూల్ నాదే! రాసింది నేనే, టెస్ట్ చేసింది నేనే, బ్రహ్మాండంగా పనిచేస్తోందని మెయిల్ పెట్టి అందరి చేతా శభాష్ అనిపించుకున్నదీ నేనే. అంతమంది కలిసి దేవుణ్ణి అడిగింది నా కోడ్ నుంచి ఆవిడని విడిపించమని. సిగ్గుతో చచ్చిపోయాననుకోండి.

అప్పుడు నేనొక పని చేశాను. టెస్టింగ్ కోసం నాకో దారి తెరిచి ఉంచారు, దాంతో ఏ క్లెయిమ్ మీదైనా "మినహాయింపు ఇవ్వడమైనది" అని పెట్టొచ్చు. నిజం మనుషుల క్లెయిముల మీద అది వాడకూడదు. నేను వాడాను. కరుణమ్మ గారి పేరు వెతికి, మినహాయింపు పెట్టి, కంప్యూటర్ మూసేసి, క్యాంటీన్‌కి వెళ్లి కాఫీ తెచ్చుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. మీకూ చెప్పలేదు.

మరుసటి ఆదివారం చూడాలి మన చర్చి! కరుణమ్మ గారు సాక్ష్యం చెప్పడానికి లేచారు. "ఏ మనిషి వల్లా కాలేదు, డాక్టర్ వల్లా కాలేదు, నా దేవుడే చేశాడు, ఆయ్" అని ఏడుస్తుంటే చప్పట్లే చప్పట్లు. అయ్యగారు అక్కడికక్కడే శుక్రవారాలు మందుల కోసం ఉపవాస ప్రార్థన పెట్టేశారు. అక్కడితో ఆగారా? "జోసఫినమ్మా, నువ్వు ఆ రంగంలోనే ఉన్నావు కదా, ప్రార్థన నువ్వే నడిపించు" అన్నారు. నా గతి చూడండి! పక్క ఊరు ప్లేనో నుంచి కూడా వచ్చారు. ఒకావిడకి ఆస్తమా పంపు మార్చేశారు, ఒకాయనకి షుగర్ మందు ఆపేశారు, ఒక స్టూడెంట్ పిల్లకి తలనొప్పి మందు రానివ్వట్లేదు. ఒక్కొక్కరూ చెప్తుంటే అది ఏ రూలో నాకు తెలిసిపోతోంది. వాళ్లేమో కళ్లు మూసుకుని ఉన్నారు, నేను తెరుచుకుని చూస్తున్నాను. వాళ్లందరికీ కూడా మినహాయింపులు పెట్టేద్దామా అనిపించింది, నిజం చెప్తున్నాను. పెట్టలేదు. ధైర్యం చాలలేదు.

అంతలో రాష్ట్ర ఇన్సూరెన్స్ శాఖవాళ్లు మా ఆఫీసు మీదికి తనిఖీకి వచ్చారు. మా మీద ఫిర్యాదులు ఎక్కువయ్యాయట. పెద్ద మీటింగ్ రూమ్ ఒకటి వాళ్లకి ఇచ్చేశారు. కాదన్న క్లెయిములు బయటికి తీయించి చూస్తుంటే, ఒకే రూల్ కింద వరసగా అన్నీ తిరస్కరించినవే, మధ్యలో ఒక్కటి మాత్రం సరే అన్నది. దాని మీద నర్సు సంతకం లేదు, డాక్టరు సంతకం లేదు. నా లాగిన్ ఉంది.

మా మేనేజర్ శశికాంత్ నన్ను పక్కకి పిలిచాడు. అతన్ని మీరు చెడ్డవాడనుకోకండి. వరంగల్ మనిషి, ఇద్దరు పిల్లలు, అతని గ్రీన్ కార్డ్ కూడా మనలాగే ఏళ్ల తరబడి లైన్లో ఉంది. "ఏం పరేషాన్ కాకు జోసఫిన్. టెస్టింగ్‌ల పొరపాటున పెట్టిన అని చెప్పు, అయిపోతది. ఆ ఒక్కటి మేం రివర్స్ చేస్తం. నీ గ్రీన్ కార్డ్ కాగితం, ఆ ఐ-వన్-ఫార్టీ, కంపెనీ చేతిలనే ఉంది కదా, ఊకె ఎందుకు రిస్క్?" అన్నాడు. బెదిరించలేదు. నిజంగా నా మంచికోరే అన్నాడు.

అంటే ఏమిటో అర్థమైందా? పొరపాటు అన్నానంటే నాకేమీ కాదు, కరుణమ్మ గారి ఇంజెక్షన్ ఆగిపోతుంది, రూల్ అలాగే ఉంటుంది. నిజం చెప్తే రూల్ బయటపడుతుంది, నేనూ బయటపడతాను. ఇంటికొచ్చి మీకు ఫోన్ చేశాను. గుర్తుందా, ఆ రోజు ఊరికే పప్పుచారు గురించి ఏదేదో మాట్లాడి పెట్టేశాను.

మర్నాడు నన్ను మీటింగ్ రూమ్‌లోకి పిలిచారు. మిసెస్ ట్రెవీనో అని, శాన్ ఆంటోనియో ఆవిడ, మన కరుణమ్మ గారి వయసే ఉంటుంది. కళ్లద్దాలు తలమీదికి నెట్టుకుని, ఇంటినుంచి తెచ్చుకున్న డబ్బాలో కమలాపండు తొనలు తింటూ అడుగుతోంది. నాకూ ఒక తొన ఇచ్చింది. పక్కనే మా కంపెనీ లాయరు కూర్చున్నాడు.

"ఈ క్లెయిమ్‌కి మాత్రం సరే అన్నారు. ఈవిడొక్కరికే ఎందుకు?" అంది.

టెస్టింగ్ అన్నమాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. "ఆవిడ మా చర్చి మనిషి. నాకు తెలిసినావిడ" అన్నాను.

"పాత మందులు ముందే వాడి ఉన్నారని మీకు తెలుసా?"

"తెలుసు. డాక్టరు రాసి పంపాడు కూడా."

"మరి ఈ మిగతావాళ్ల డాక్టర్లు?"

"వాళ్లూ రాసి పంపే ఉంటారు మేడమ్. మా రూల్ అవి చదవదు."

లాయరు గొంతు సవరించుకున్నాడు. ఆవిడ అతని వైపు చూడనే లేదు. పెన్ను పక్కన పెట్టేసి, "మిగతావాళ్ల గురించి మీకెప్పుడైనా ఆలోచన వచ్చిందా?" అంది. కోపంగా అడిగుంటే నేనూ ఏదో ఒకటి అనేసేదాన్ని. చాలా మామూలుగా అడిగింది. నాకు ఏడుపొచ్చేసింది. "మా చర్చిలోవాళ్లయితే నా ముందే ప్రార్థన చేస్తారు, కాబట్టి నాకు తెలుస్తుంది. వీళ్లు ఎక్కడ చేసుకుంటున్నారో నాకు తెలియదు" అన్నాను. ఆ తర్వాత ఆపుకోలేదు. ఆ రూల్ ఎలా పనిచేస్తుందో, డాక్టరు కాగితాలు ఎక్కడ ఆగిపోతాయో, నర్సులు చదివేలోపే కాదనడం ఎలా జరుగుతుందో అంతా బోర్డు మీద గీసి చూపించాను. ఆవిడ కళ్లద్దాలు కిందికి దించి రాసుకుంది.

తర్వాతి వారం కంపెనీ కరుణమ్మ గారి మినహాయింపు తీసేసింది. అనుమతి లేకుండా పెట్టింది కాబట్టి చెల్లదన్నారు. ఆవిడకి ఇంకొకళ్లు చెప్పేలోపు నేనే చెప్పాలని స్కూలు వదిలే టైముకి వెళ్లి, నా కారులో కూర్చోబెట్టుకుని మొత్తం చెప్పాను, రాష్ట్రంవాళ్లకి ఫిర్యాదు పెట్టుకోవచ్చని కూడా చెప్పాను. ఓదారుస్తారనుకున్నాను, ఎంత పిచ్చిదాన్నో! ఆవిడ నావైపు తిరిగి, "ఏవమ్మా జోసఫినూ, దేవుని సన్నిధిలో నాచేత అబద్ధ సాక్ష్యం చెప్పిస్తావా?" అన్నారు. మందు పోయినందుకు కాదు, దానికి! "అందరూ చప్పట్లు కొట్టారే. నువ్వూ కొట్టావు కదమ్మా, నాకు కనబడుతూనే ఉన్నావు. నాకొచ్చి ఒక్క మాట చెప్పలేకపోయావా? మందు లేకపోతే లేకపోయె, నా దేవుని దగ్గర నా నోరు ఎందుకు పాడు చేశావు?" అన్నారు. కారు తలుపు తీసుకోవడానికి వేళ్లు రాలేదు. నేను దిగి తీయబోతే వద్దని, మోచేత్తో తోసుకుని వెళ్లిపోయారు. మన పెళ్లయ్యాక నేనంత ఏడ్చిన రోజు లేదండీ.

ఆదివారం చర్చికి వెళ్లకూడదనుకున్నాను. క్రిస్టీ పాట పాడాలి కాబట్టి తప్పలేదు, వెనక వరసలో కూర్చున్నాను. సాక్ష్యాల టైములో కరుణమ్మ గారు లేచారు. "ఆ రోజు నేను చెప్పింది నిజం కాదు. అద్భుతం జరగలేదు. నా మీద ప్రేమకొద్దీ జోసఫిన్ చేసింది. అది తప్పే. దాన్ని కోప్పడ్డాను కూడా. ఇప్పుడు నా మందు ఆగిపోయింది. నాలాంటివాళ్లు ఈ ఊళ్లో చాలామంది ఉన్నారంట, మన చర్చికి రానివాళ్లు, మన భాష రానివాళ్లు. అందరం గవర్నమెంటువాళ్లకి కంప్లయింట్ చేసుకోవచ్చంట. నేను నిన్ననే చేశాను. మీరూ చేయండి" అని కూర్చున్నారు. చప్పట్లు లేవు. అయ్యగారు మైకు తీసుకుని, "ఈ శుక్రవారం ప్రార్థన అయ్యాక అందరూ మీ ఇన్సూరెన్స్ కార్డులు తెచ్చుకోండి. పిల్లలు కంప్యూటర్లు తెస్తారు" అన్నారు. తెచ్చుకున్నారండీ. సమోసాలు కూడా తెచ్చుకున్నారు. మనవాళ్లకి గవర్నమెంట్ అంటే వీసా భయం కదా, ఫిర్యాదు పెడితే మన పేరు ఎక్కడికెళ్తుందోనని చాలామంది నన్ను మళ్లీ మళ్లీ అడిగారు. కొంతమంది పెట్టకుండానే వెళ్లిపోయారు. నేను వాళ్లని తప్పుపట్టను.

కరుణమ్మ గారు ఆ రోజు కూడా నాతో సరిగా మాట్లాడలేదు. వెళ్లేటప్పుడు మాత్రం, "తిన్నావా?" అన్నారు. ఆ ఒక్క మాటకే ప్రాణం లేచొచ్చింది.

ఇక్కడిదాకా అందరి గురించీ రాశాను, నా గురించి రాయలేదు. రాయాల్సింది ఇదీ. నా ఉద్యోగం పోయింది. మినహాయింపు తీసేసిన రోజే నన్నూ తీసేశారు. నిజం చెప్పినందుకు కాదట, అనుమతి లేకుండా ఒక క్లెయిమ్ మార్చినందుకట. అందులో అబద్ధం లేదు, నేను మార్చిన మాట నిజమే, అందుకే గట్టిగా పోట్లాడలేకపోతున్నాను కూడా. అప్పటినుంచి రోజూ పొద్దున్న ఆఫీసుకి వెళ్తున్నట్టే తయారై, క్రిస్టీని స్కూల్లో దింపి, ఇక్కడికొచ్చి ఉద్యోగాలు వెతుక్కుంటున్నాను. మీరు ఫోన్ చేసినప్పుడల్లా "మీటింగ్‌లో ఉన్నా" అన్నది ఈ కుర్చీలో కూర్చునే. మీ కూతురు ఎప్పుడో కనిపెట్టేసింది. "మమ్మీ, నువ్వు ఆఫీస్ వెళ్తలేదు, ఐ నో. నీ బ్యాడ్జ్ లేదు. డాడీకి నేను చెప్పను, నువ్వే చెప్పు" అంది.

నా వీసాకి రెండు నెలల గడువే ఉంది, అందులో కొంత అయిపోయింది కూడా. ఈలోపు ఇంకో కంపెనీ నన్ను తీసుకోకపోతే నా వీసాతో పాటు దాని మీద వచ్చిన మీ వర్క్ పర్మిట్ పోతుంది, రెడ్‌మండ్‌లో మీకంత ఇష్టమైన ఆ ఉద్యోగమూ పోతుంది. ఇంటి పని చేస్తూ ఇన్నేళ్లు పర్మిట్ కోసం ఎదురుచూసి తెచ్చుకున్న ఉద్యోగం అది. మిమ్మల్ని ఒక్క మాట అడక్కుండా దాన్ని నేను పణం పెట్టాను. ఎందుకు అడగలేదంటే, మీరు వద్దంటారేమోనని. మీరు వద్దంటే నేను ఆగిపోతానేమోనని. పప్పుచారు గురించి మాట్లాడిన రోజు అడగబోయి మానేసింది ఇదే. నన్ను క్షమించండి. ప్లేనోలో ఒక హాస్పిటల్‌వాళ్లు రెండో ఇంటర్వ్యూకి పిలిచారు. ఎందుకు మానేశారని అడిగితే ఏం చెప్పాలో ఇంకా తెలియట్లేదు. నిజమే చెప్తాననుకుంటున్నాను, వాళ్లేమంటారో!

నిన్న శశికాంత్ సొంత ఫోను నుంచి చేశాడు. "నీ రూల్ ఆపేసిన్రు జోసఫిన్. తనిఖీ అయ్యేదాంక పాత రిజెక్షన్లన్నీ నర్సులే చదవాలట. కొత్త నర్సులను తీసుకుంటున్నరు. నేను చెప్పిన అని ఎవ్వరికీ చెప్పకు" అని పెట్టేశాడు. తనిఖీ ఇంకా పూర్తికాలేదు, రాష్ట్రంవాళ్లు చివరికి ఏమంటారో ఎవరికీ తెలియదు.

ఇంతవరకు రాసి ఉత్తరం ముగించబోతుంటే ఇప్పుడే ఫోన్ మోగింది. కరుణమ్మ గారు. లైబ్రేరియన్ గుర్రుగా చూస్తే బయటికి పరిగెత్తి ఎత్తాను. ఫార్మసీ నుంచే చేశారు. "వచ్చేసిందమ్మా. ఎవరో నర్సంట, డాక్టర్ రాసిందంతా చదివి సంతకం పెట్టిందంట. ఈసారి సక్రమంగానే వచ్చింది కదా, నువ్వేం చేయలేదు కదా?" అని గద్దించి మరీ అడిగారు. లేదండీ, ఒట్టు, నాకక్కడ ఉద్యోగమే లేదన్నాను. "సర్లే, అందుకు కాదు చేసింది. లైనులో నా ముందు ఒకాయన, మెక్సికో ఆయనలా ఉన్నాడు, చిన్నపిల్లని ఎత్తుకుని నిలబడ్డాడు. ఆ పిల్ల వేళ్లు చూశానమ్మా. అచ్చం నా వేళ్లలాగే ఉన్నాయి. ఇంత చిన్నపిల్లకి కూడా వస్తుందా ఈ రోగం? ఎన్నిసార్లు తిప్పి పంపేశారో ఏమో, కౌంటర్లో అమ్మాయి అప్రూవ్ అయిందని చెప్తే ఆయనకి నమ్మకం కలగట్లేదు. మళ్లీ చెప్పమంటాడు, మళ్లీ చెప్పమంటాడు. నాకు ఆయన భాష రాదు. భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డాను" అని ఫోన్ పెట్టేశారు.

నేను మెట్ల మీద కూర్చుండిపోయాను. ఆ పిల్ల పేరు నాకు తెలియదు. ఎప్పటికీ తెలియదు.

ఉత్తరం చదవగానే ఫోన్ చేయండి. తిట్టండి, అరవండి, ఏమన్నా పడతాను. కరుణమ్మ గారి వరకు చూసుకుని ఊరుకోవాల్సింది అని మాత్రం అనకండి.

ఇట్లు,
మీ ఇంటిది, క్రిస్టీ వాళ్లమ్మ,
జోసఫిన్